ఓడెక్కని చదువు: గోదావరి తీరంలో సముద్ర సీస్మిక్ శిక్షణ వెనుక కథ

అంతర్వేది నుంచి కాకినాడ వరకు మన తీరానికి ఎదురుగా ఉన్న సముద్రగర్భాన్ని నాలుగు దశాబ్దాలకు పైగా శబ్ద తరంగాలతో శోధిస్తూనే ఉన్నారు. దీన్నే సీస్మిక్ సర్వే అంటారు. ఆ సమాచారం మీద దేశవిదేశాల్లో ఎన్నో పరిశోధన పత్రాలు వచ్చాయి. అయినా భూభౌతిక శాస్త్రం చదివే మన పిల్లల్లో చాలామంది ఒక్కసారైనా సర్వే నౌక ఎక్కకుండానే పట్టా చేతపట్టుకుని బయటికి వస్తున్నారు. ఎవరో, ఎప్పుడో సేకరించి ఇచ్చిన సమాచారాన్ని కంప్యూటర్ తెర మీద చదవడంతోనే వారి శిక్షణ ముగుస్తోంది. ఈ లోటు ఒక్కరోజులో వచ్చింది కాదు. దీని వెనుక డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది.

ముందుగా, ఓడ ఎక్కకపోతే వచ్చే నష్టం ఏమిటో చూద్దాం. సర్వే నౌక తన వెనుక రెండు వ్యవస్థలను లాక్కుంటూ వెళుతుంది. ఒకటి ఎయిర్ గన్‌ల వరుస. చదరపు అంగుళానికి దాదాపు 2000 పౌండ్ల ఒత్తిడితో బిగించిన గాలిని అది కొన్ని సెకన్లకోసారి నీటిలోకి వదులుతుంది. రెండోది స్ట్రీమర్ అనే పొడవాటి కేబుల్. కిలోమీటర్ల పొడవున దానిలో వందలాది హైడ్రోఫోన్లు, అంటే నీటిలో శబ్దాన్ని అందుకునే మైకులు, ఉంటాయి. గాలి పేలిన శబ్దం నీటిని దాటి అడుగున ఉన్న మట్టి పొరల్లోకి దిగుతుంది. పొర మారిన ప్రతిచోటా కొంత శబ్దం వెనక్కి తిరిగి వస్తుంది. అలా వచ్చిన శబ్దాన్ని హైడ్రోఫోన్లు అందుకుంటాయి. పాఠ్యపుస్తకంలో ఇది ఒక పేజీతో అయిపోతుంది.

నౌకలోని రికార్డింగ్ గదిలో మాత్రం ఇది రాత్రింబవళ్లు సాగే పని. అర్ధరాత్రి దాటాక కొన్ని హైడ్రోఫోన్ల నుంచి సమాచారం తెచ్చే ఒక చానల్ మూగబోతుంది. నౌక సర్వే చేస్తూ సాగుతున్న ఆ దారిని, అంటే లైనును, అలాగే పూర్తి చేయాలా, లేక మళ్లీ మొదలుపెట్టాలా? మళ్లీ అంటే అంత పొడవైన కేబుల్‌ను మెలిపడకుండా లాక్కుంటూ నౌకను తిప్పడం. దానికే గంటలు పడుతుంది. అలలు పెరిగి రికార్డు నిండా రొద చేరితే ఎంత రొద వరకు భరించవచ్చు, ఏ దశలో పని ఆపేయాలి? ఇలాంటి తీర్పు తరగతి గదిలో అబ్బదు. అనుభవం ఉన్న వ్యక్తి పక్కన కూర్చుని వంతు డ్యూటీ చేసినప్పుడే అబ్బుతుంది.

గోదావరి ముఖద్వారాల దగ్గర ఈ పని మరింత కష్టం. తూర్పు తీరం వెంబడి సాగే సముద్ర ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికి, అక్టోబర్ తర్వాత దక్షిణానికి పారుతుంది. ఆ తోపుడుకు స్ట్రీమర్ నౌక వెనుక తిన్నగా ఉండకుండా పక్కకు ఒరుగుతుంది. ఎంత ఒరిగిందో లెక్కలోకి తీసుకోకపోతే పటంలో పొరలన్నీ తప్పు చోట పడతాయి. వరద కాలంలో గౌతమి, వసిష్ఠ పాయలు మోసుకొచ్చే మంచినీరు సముద్రం పైపొరగా పరుచుకుంటుంది. ఉప్పదనం తగ్గిన నీటిలో శబ్ద వేగం కూడా తగ్గుతుంది. లీటరు నీటిలో పది గ్రాముల ఉప్పు తగ్గితే సెకనుకు పది మీటర్లకు పైగా తేడా వస్తుంది. ఇక లోతు తక్కువ చోట్ల మట్టిలో చిక్కుకున్న గ్యాస్ తన కింద ఉన్న పొరలను కనిపించకుండా కప్పేస్తుంది. వీటికి తోడు వలలు. నౌక దారికి అడ్డంగా ఒక్క వల ఉన్నా కేబుల్, వల రెండూ పోతాయి. ఇవన్నీ తెలిసిన మనిషి చేతిలో సమాచారం ఒకలా, తెలియని మనిషి చేతిలో మరోలా మాట్లాడుతుంది.

చరిత్రలోకి వెళితే, మన దగ్గర మొదలు మాత్రం ఓడ మీదే జరిగింది. 1952లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. నౌకాదళం ఓడల మీద స్థానిక విద్యార్థులను, అధ్యాపకులను వెంటబెట్టుకుని బంగాళాఖాతాన్ని కొలిచారు. తూర్పు తీరానికి ఎదురుగా సముద్రం అడుగున కనిపించిన లోయలకు తర్వాతి కాలంలో ఆంధ్ర, కృష్ణ, మహాదేవన్ అని పేర్లు పెట్టారు. మహాదేవన్ అంటే ఆ విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్ర ఆచార్యుడు సి. మహాదేవన్. 1960ల తొలి సగంలో జరిగిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో మన నౌకాదళ ఓడ కిస్ట్నా కూడా పాల్గొంది. ఇప్పుడు గోవా కేంద్రంగా ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఆ యాత్ర ఫలితంగానే 1966లో ఏర్పడింది. పెద్ద పరికరాలు, పెద్ద నిధులు లేని ఆ రోజుల్లో కూడా విద్యార్థికి ఓడలో చోటు దొరికింది. నా దృష్టిలో ఈ మొత్తం కథలో గుర్తుంచుకోవలసిన విషయం ఇదే.

అదే దశాబ్దంలో చమురు అన్వేషణ వేరే దారి పట్టింది. 1964 నుంచి 1967 వరకు అకాడమిక్ అర్ఖాంగెల్‌స్కీ అనే రష్యా నౌకతో భారత, సోవియట్ బృందం ఖంభాత్ సింధుశాఖను సర్వే చేసింది. బొంబే హై చమురు క్షేత్రం బయటపడింది ఆ సర్వేలోనే. పశ్చిమ తీరంలో వచ్చిన ఫలితం తూర్పు మీద ఆశ పెంచింది. 1978లో ఓఎన్‌జీసీ నర్సాపురం దగ్గర బావి తవ్వడంతో కృష్ణా గోదావరి బేసిన్‌లో డ్రిల్లింగ్ మొదలైంది. కొబ్బరి తోటల మధ్య, వరిచేల గట్ల మీద నేల కంపనాన్ని అందుకునే జియోఫోన్లు గుచ్చి, చిన్న బోరు వేసి అందులో మందు పేల్చే బృందాలను కోనసీమ రైతులు ఆ తరం నుంచే చూస్తున్నారు. అన్వేషణ త్వరలోనే సముద్రంలోకీ పాకింది.

1983లో పరిశోధన నౌక సాగర్ కన్య వచ్చింది. దేశంలో ఎన్నో విశ్వవిద్యాలయాల పరిశోధకులు దాని మీద సముద్రం చూశారు. 1991లో యునెస్కో అండతో మాస్కో విశ్వవిద్యాలయం తేలియాడే విశ్వవిద్యాలయం అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అసలు పరిశోధన నౌకలోనే విద్యార్థులను కూర్చోబెట్టి, సీస్మిక్ రికార్డులను వారితోనే చదివించి, మట్టి నమూనా ఎక్కడ తీయాలో వారితోనే చర్చించే పద్ధతి అది. మన దగ్గర అలాంటిది ఏటా నడిచే వ్యవస్థగా నిలదొక్కుకోలేదు.

పైగా 1999లో వచ్చిన కొత్త అన్వేషణ లైసెన్సు విధానం తర్వాత లోతు సముద్రం బ్లాకులుగా పంచబడింది. 2002లో డీ6 బ్లాకులో రిలయన్స్ భారీ గ్యాస్ నిక్షేపం కనుగొంది. 2009 ఏప్రిల్‌లో గాడిమొగ దగ్గరి టెర్మినల్‌కు గ్యాస్ వచ్చింది. సర్వేలు విపరీతంగా పెరిగాయి, సమాచారం గుట్టలుగా చేరింది. కానీ అవి కిరాయి నౌకలు. రోజు అద్దె మోయలేనంత ఎక్కువ, సమాచారం రహస్యం, పడకలు సిబ్బందికే చాలవు. నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాడికి అందులో చోటు ఉండదు. సంస్థలను తప్పుపట్టి ప్రయోజనం లేదు, వారి పని వేరు. కానీ ఆ చోటు భర్తీ చేయవలసిన ప్రభుత్వ నౌకలు అదే వేగంతో పెరగలేదు.

మధ్యలో ఒక గొప్ప మినహాయింపు వచ్చింది. 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం తొలి యాత్ర జోయిడెస్ రిజల్యూషన్ నౌక మీద జరిగింది. సీస్మిక్ చిత్రంలో సముద్రం అడుగుకు సమాంతరంగా సాగుతూ, దిశ తలకిందులైన ఒక గీత కనిపిస్తే దాని పైన మంచులాంటి గ్యాస్ హైడ్రేట్ ఉండవచ్చని అంచనా. ఆ అంచనా నిజమో కాదో డ్రిల్లింగ్ చేసి చూడాలి. గోదావరికి ఎదురుగా 1038 మీటర్ల నీటి లోతులో పదో స్థలంలో తవ్వితే, పగుళ్ల నిండా హైడ్రేట్ పట్టిన సుమారు 128 మీటర్ల మట్టి పొర దొరికింది. ఆ నౌకలో భారత శాస్త్రవేత్తలు విదేశీ శాస్త్రవేత్తలతో భుజం కలిపి పనిచేశారు. సీస్మిక్ గీతను చూసినవారే దాని పైనున్న మట్టిని చేత్తో తాకారు. 2015లో జపాన్ నౌక చిక్యూ మీద రెండో యాత్ర కూడా ఇదే బేసిన్‌లో జరిగింది. రెండు నౌకలూ మనవి కావు. జోయిడెస్ రిజల్యూషన్ 2024తో శాస్త్రీయ యాత్రల నుంచి తప్పుకుంది కూడా.

ఈ విషయానికి ఊళ్ల వైపు నుంచి మరో కోణం ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ప్రాణాలు పోయాయి. అందుకే గ్యాస్, సర్వే అనే మాటలు వింటే డెల్టాలో అనుమానం కలగడం సహజం. సర్వే శబ్దానికి చేప దూరం పోతుందా అని వేటకు వెళ్లేవారు అడిగే ప్రశ్న కూడా న్యాయమైనదే. 1990ల్లో నార్వే శాస్త్రవేత్తలు బారెంట్స్ సముద్రంలో సర్వేకు ముందు, తర్వాత పట్టును కొలిచి, కాడ్, హాడాక్ చేపల పట్టు సగటున సగం తగ్గిందని తేల్చారు. వంజరం, చందువల విషయంలో అలాంటి కొలత తీయాలంటే సీస్మిక్ నౌక మీదా, భైరవపాలెం వేట బోటులోనూ సమానంగా పనిచేయగల మనిషి కావాలి. ఆ మనిషి ఇక్కడి యాస మాట్లాడేవాడైతే ఊరు నమ్ముతుంది.

ఇప్పుడు కొన్ని తలుపులు తెరుచుకుంటున్నాయి. 2017లో ఏర్పడిన జాతీయ సమాచార భాండాగారం ద్వారా పాత సీస్మిక్ సమాచారం విశ్వవిద్యాలయాలకు అందే మార్గం వచ్చింది. 2021లో కేంద్రం 4077 కోట్ల రూపాయలతో డీప్ ఓషన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2024 జూలైలో కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ నౌకా నిర్మాణ కేంద్రానికి కొత్త సముద్ర పరిశోధన నౌక కట్టే ఒప్పందం దక్కింది. ఆ నౌక నీటిలోకి దిగాక పడకల కేటాయింపు గురించి ఆలోచిద్దామంటే ఆలస్యమవుతుంది. ఏ ప్రయాణంలో ఎందరు విద్యార్థులు ఉంటారో ప్రణాళికలోనే రాసుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం. నౌక దారిలో వలలు తగ్గే ఆ రెండు నెలలూ విశ్వవిద్యాలయాల వేసవి సెలవులతో చాలావరకు కలిసి వస్తాయి. తుఫాను సూచన లేని రోజులు చూసుకుని, కాకినాడ రేవు నుంచి బయలుదేరి, గౌతమి ముఖద్వారం ఎదుట నుంచి వెయ్యి మీటర్ల లోతు వరకు ఒకే ఒక్క లైను తీస్తే చాలు. ఇక్కడ తీరం వెంట లోతు తక్కువ ఉండే సముద్రపు అంచు ఇరుకు కాబట్టి ఆ లోతు కొన్ని పదుల కిలోమీటర్లలోనే వచ్చేస్తుంది. తక్కువ లోతులో గ్యాస్ కప్పేసిన పొరలు, ఎక్కువ లోతులో హైడ్రేట్ గీత, మధ్యలో పక్కకు ఒరిగే స్ట్రీమర్, అన్నీ ఆ ఒక్క లైనులోనే ఎదురవుతాయి.