సైట్ స్లో అయితే డేటాబేస్‌ని తిట్టకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

“అన్నా, మాంగోడీబీ నేర్చుకోమంటారా, మైఎస్‌క్యూఎల్ నేర్చుకోమంటారా?” అమీర్‌పేటలో కోర్సు ముగించుకుని మా టీమ్‌లోకి వచ్చే కుర్రాళ్లు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఇది. ఆ రెండూ సైట్ల సమాచారం దాచే డేటాబేస్‌లు. పన్నెండేళ్లుగా వెబ్‌సైట్ల వెనక డేటాబేస్ పనే నా పని. డేటాబేస్‌ని తప్పుగా ఎంచుకుని మునిగిన ప్రాజెక్టు ఇన్నేళ్లలో ఒక్కటే చూశాను. టేబుల్ (డేటా దాచే పట్టిక) సరిగ్గా కట్టుకోక, క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) సరిగ్గా రాయక తిప్పలు పడ్డవి మాత్రం లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. అయినా అందరూ మొదటిదాని గురించే టెన్షన్ పడతారు.

అపోహ: ఎస్‌క్యూఎల్ పాతబడింది, కొత్త ప్రాజెక్టంటే నోఎస్‌క్యూఎలే

మాంగోడీబీ లాంటి, పట్టికలు లేని డేటాబేస్‌లని నోఎస్‌క్యూఎల్ అంటారు. ఎస్‌క్యూఎల్ పాతదన్న మాట నిజమే. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్, డేటాని పట్టికలుగా దాచే రిలేషనల్ పద్ధతి గురించి 1970లో రాశారు. నాలుగేళ్లకి అదే కంపెనీలో, ఆ పట్టికల్ని అడిగే భాషగా ఎస్‌క్యూఎల్ పుట్టింది. కానీ తెలుగు వికీపీడియాతో సహా వికీపీడియాలన్నీ నడిచేది మరియాడీబీ మీద. అది మైఎస్‌క్యూఎల్‌కి చెల్లెలు. మాట వరసకి అనడం లేదు. రెండింటినీ మొదలుపెట్టిన మైకేల్ విడేనియస్ పెద్దకూతురు మై పేరు దానికి, చిన్నకూతురు మరియా పేరు దీనికి పెట్టుకున్నారు.

ఇంకో సంగతి. ఈ రెండు పక్షాలూ ఎప్పుడో దగ్గరికొచ్చేశాయి. ఎస్‌క్యూఎల్ పక్షంలోని పోస్ట్‌గ్రెస్ 2014లో 9.4 వెర్షన్‌తో జేసన్‌బీ తెచ్చింది. అంటే ఒక కాలమ్‌లో జేసన్ (పేరు, విలువల జతలుగా రాసిన డేటా) మొత్తం పెట్టుకుని, దాని లోపలి విషయం మీద కూడా ఇండెక్స్ (తొందరగా వెతకడానికి సూచిక) వేసుకోవచ్చు. మాంగోడీబీ 2018లో 4.0తో ఒకేసారి చాలా డాక్యుమెంట్లకి (దాంట్లో ఒక్కో రికార్డుని అలా అంటారు) పనిచేసే ట్రాన్సాక్షన్లు, అంటే జరిగితే అన్నీ, లేకపోతే ఏదీ జరగని మార్పుల గుంపులు, తెచ్చుకుంది. చీరకి అంచు, జరీ, మిక్సీకి వాట్లు, జాడీల సంఖ్య, ఇలా ఒక్కో వస్తువుకి ఒక్కో రకం వివరాలుండే కేటలాగ్‌కి మాంగోడీబీ హాయిగా సరిపోతుంది. ఆర్డరు, పేమెంటు, స్టాకు వచ్చాయంటే మాత్రం నేను పోస్ట్‌గ్రెస్ తప్ప ఇంకోటి అడగను.

“మాంగోడీబీలో స్కీమా గొడవ లేదు కదన్నా” అంటారు. స్కీమా అంటే ఏ వివరం ఏ పేరుతో, ఏ రకంగా ఉండాలన్న ముందస్తు కట్టుబాటు. గొడవ ఎక్కడికీ పోదు, కోడ్‌లోకి వస్తుంది. నేను చూశానని చెప్పిన ఆ ఒక్క ప్రాజెక్టులో ఇదే జరిగింది. ఒక డాక్యుమెంట్‌లో ‘ఫోన్’, ఇంకోదాంట్లో ‘మొబైల్’, మూడోదాంట్లో ‘ఫోన్ నంబర్’. ముగ్గురు డెవలపర్లు, మూడు పేర్లు. కస్టమర్‌కి ఫోన్ చేయాలంటే మూడు ఇఫ్ కండిషన్లు.

అపోహ: ఎస్‌క్యూలైట్ ఆటబొమ్మ

ఒకే ఫైల్‌లో ఇమిడే చిన్న డేటాబేస్ ఎస్‌క్యూలైట్. దాని సొంత వెబ్‌సైట్ నడిచేది దాని మీదే. రోజుకి లక్ష హిట్లలోపు సైటుకి అది సరిపోతుందని దాన్ని తయారుచేసినవాళ్లే రాసిపెట్టారు, అదీ కొంచెం తగ్గించి చెప్పిన అంకేనట. ఊళ్లో క్లినిక్ అపాయింట్‌మెంట్ల సైటుకి లక్ష హిట్లు ఎక్కడివి? ఒకసారికి ఒక్కరే రాయగలరన్నది దాని హద్దు. వాల్ మోడ్ (మార్పుల్ని ముందు వేరే ఫైల్‌లో రాసుకునే పద్ధతి) పెట్టుకుంటే, ఒకరు రాస్తున్నా మిగతావాళ్లు చదువుకోవచ్చు. అప్లికేషన్ రెండు మూడు సర్వర్ల మీదికి వెళ్లిన రోజు మారితే చాలు.

అపోహ: సైట్ స్లో అయిందంటే పెద్ద సర్వర్ కొనాలి, లేదా డేటాబేస్ మార్చాలి

ఒక హోల్‌సేల్ వ్యాపారి సైటులో ఆర్డర్లు వెతికితే తొమ్మిది సెకన్లు పట్టేది. ర్యామ్ రెట్టింపు చేయడానికి కొటేషన్ కూడా తెప్పించారు. ఆ క్వెరీ ముందు, డేటాబేస్ ఎలా వెతుకుతుందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్ అన్న ఒక్క మాట పెట్టి నడిపితే, టేబుల్ మొత్తం మొదటి నుంచి చివరిదాకా చదువుతోందని తేలింది. ఒక ఇండెక్స్ వేశాం. రిజల్ట్ కంటికి కనపడేంత ఆలస్యం కూడా లేకుండా వచ్చింది. కొటేషన్ ఇచ్చినాయనకి మాత్రం నామీద ఇంకా కోపమే.

ఇండెక్స్ అంటే ఏమిటో పెళ్లి శుభలేఖల జాబితాతో చెబుతుంటాను. జాబితాని ఊరి వారీగా, ప్రతి ఊళ్లో ఇంటిపేర్ల వారీగా రాశారనుకోండి. తెనాలిలో చుట్టాలెవరో ఇట్టే దొరుకుతారు. తెనాలిలో ఫలానా ఇంటిపేరువాళ్లు ఇంకా తొందరగా దొరుకుతారు. అదే, ఏ ఊళ్లో ఉన్నా సరే ఫలానా ఇంటిపేరువాళ్లందరూ కావాలంటే పుస్తకం మొత్తం తిరగేయాల్సిందే. రెండు కాలమ్‌లు కలిపి వేసిన ఇండెక్స్ మామూలుగా పనిచేసేది ఇలాగే, అందుకే ఏ కాలమ్ ముందు రాశామన్నది ముఖ్యం.

నిఘంటువుదీ ఇదే కథ. ‘కారం’తో మొదలయ్యే మాటలు ఒకచోటే ఉంటాయి. ‘కారం’తో ముగిసే మమకారం, సహకారం, అహంకారం కావాలంటే అక్షరాల వరస ఎందుకూ పనికిరాదు. మాటలో ఒక భాగంతో వెతికే లైక్ రాసేటప్పుడు మాటకి ముందు పర్సెంట్ గుర్తు (‘అక్కడ ఏమున్నా సరే’ అని) పెడితే మామూలు ఇండెక్స్‌కి వచ్చే కష్టం అదే. తేదీ కాలమ్‌ని, సంవత్సరం మాత్రం తీసిచ్చే ఇయర్ ఫంక్షన్‌లో పెట్టి 2024తో సమానమా అని అడిగినా అంతే, ఇండెక్స్ పక్కకి పోతుంది. ‘2024 జనవరి 1 నుంచి, 2025 జనవరి 1కి ముందు’ అని అడగండి.

అలాగని ప్రతి కాలమ్ మీదా ఇండెక్స్ వేసేయకండి. ఒక రికార్డు చేర్చిన ప్రతిసారీ ఆ ఇండెక్స్‌లన్నిటినీ సవరించాలి. ఒకచోట ఒకే టేబుల్ మీద పదకొండు చూశాను, వాటిలో వాడకంలో ఉన్నవి మూడు.

ఓఆర్‌ఎం (కోడ్ నుంచి క్వెరీలు తానే రాసిపెట్టే లైబ్రరీ) వాడేవాళ్లు ఒక్కసారి క్వెరీ లాగ్ తెరిచి చూడండి. యాభై ఆర్డర్లున్న పేజీకి ఆర్డర్ల కోసం ఒక క్వెరీ, ప్రతి ఆర్డరులో కస్టమర్ పేరు కోసం ఒక్కోటి, మొత్తం యాభై ఒకటి నడుస్తుండవచ్చు. రెండు టేబుళ్లని కలిపి అడిగే ఒక జాయిన్‌తో పోయేదానికి!

అపోహ: ఫోన్ నంబర్ అంకెలే కదా, ఇంట్ పెడితే చాలు

ఇది నా మొదటి ఉద్యోగంలో నేనే చేసిన ఘనకార్యం. మైఎస్‌క్యూఎల్‌లో మామూలు ఇంట్ (పూర్ణాంకాలు దాచే రకం) పట్టగలిగిన అతిపెద్ద సంఖ్య 2147483647. మన మొబైల్ నంబర్లు ఆరు నుంచి తొమ్మిది లోపు అంకెతో మొదలయ్యే పదంకెలవి కాబట్టి, ఒక్కటి కూడా అందులో పట్టదు. అప్పటి పాత వెర్షన్‌లో స్ట్రిక్ట్ మోడ్ (పట్టని విలువ వస్తే ఎర్రర్ ఇచ్చే సెట్టింగ్) ఆన్‌లో లేదు. ఎర్రర్ ఇవ్వకుండా, పట్టని ప్రతి నంబర్‌నీ ఆ హద్దు దగ్గరే కోసి రాసుకుంది. వారం తర్వాత చూస్తే కస్టమర్లందరికీ ఒకటే ఫోన్ నంబర్! మా మేనేజర్ ముందు నవ్వాడు, తర్వాత అసలు నంబర్లు ఎక్కడున్నాయని అడిగాడు. ఎక్కడా లేవు. 5.7 నుంచి స్ట్రిక్ట్ మోడ్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, దాన్ని ఆఫ్ చేసే పని పెట్టుకోకండి. కూడికలు, తీసివేతలు చేయని అంకెల్ని టెక్స్ట్‌గానే దాచండి.

డబ్బుకి ఫ్లోట్ (దశాంశాల్ని సుమారుగా దాచే రకం) వద్దు. అందులో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. ఖచ్చితంగా దాచే డెసిమల్ పెట్టండి, లేదా పైసల్లో పూర్ణాంకంగా దాచండి.

అపోహ: ముందు చూసి తర్వాత రాస్తే డూప్లికేట్ రాదు

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి భీమవరం బస్సు. ఒకే సీటు మిగిలింది, ఇద్దరు ఒకే క్షణంలో నొక్కారు. మీ కోడ్ ఇద్దరి తరఫునా ‘సీటు ఖాళీయేనా?’ అని అడుగుతుంది. ఇద్దరికీ ఖాళీ అనే జవాబొస్తుంది. ఇద్దరి పేరా టికెట్ రాసేస్తుంది. మామూలు రోజుల్లో ఈ తప్పు కనపడదు, పండగ రద్దీలో బయటపడుతుంది.

“ట్రాన్సాక్షన్ పెట్టాం కదా” అంటారు. పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఇచ్చే ఐసొలేషన్ (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లని ఒకదాన్నుంచి ఒకటి ఎంత వేరుగా ఉంచాలన్న మెట్టు) రీడ్ కమిటెడ్, మైఎస్‌క్యూఎల్‌ది రిపీటబుల్ రీడ్. రెండింట్లోనూ మామూలు సెలెక్ట్ (డేటా చదివే క్వెరీ) ఎవరినీ ఆపదు. ట్రిప్, సీటు రెండూ కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (అదే జత రెండోసారి రాకూడదన్న నియమం) పెట్టండి. అప్పుడు రెండోవాడి ఇన్సర్ట్ డేటాబేసే తిప్పికొడుతుంది, ఆ ఎర్రర్ పట్టుకుని ‘సీటు అయిపోయింది’ అని చూపిస్తే సరి. ఇది చేయని ఒక ట్రావెల్స్ సైటు వల్ల నేనే ఒక భోగి ముందు రాత్రి డ్రైవర్ పక్కన ఇంజిన్ మీద కూర్చుని ఊరెళ్లాను.

అపోహ: యూటీఎఫ్8 పెట్టాం, ఇక తెలుగుకి ఢోకా లేదు

మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) అన్న పేరుతో ఏళ్లుగా ఉన్నది సగం సరుకు. ఒక అక్షరానికి మూడు బైట్లే ఇస్తుంది. తెలుగు యూనికోడ్ అక్షరాలకి సరిగ్గా మూడు బైట్లే కావాలి కాబట్టి అంతా బాగున్నట్టే కనపడుతుంది. ఎవరో కామెంట్ చివర దండం పెట్టే ఎమోజీ పెడతారు. దానికి నాలుగు బైట్లు కావాలి. అంతే, ఎర్రర్ వస్తుంది, లేదా అక్కడి నుంచి కామెంట్ తెగిపోతుంది. కావలసింది యూటీఎఫ్8ఎంబీ4. 2018లో వచ్చిన 8.0 నుంచి మామూలుగా ఇదే ఉంటుంది. పాత టేబుళ్లు మాత్రం వాటంతటవి మారవు.

పొడవు లెక్క కూడా చూసుకోండి. మన కంటికి ‘శ్రీ’ ఒక అక్షరం. డేటాబేస్‌కి అది శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం నాలుగు. పేరుకి ఇరవై చాలనుకుంటే శ్రీలక్ష్మీనరసింహమూర్తిగారు పట్టరు.

మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద పనిచేసేవాళ్లకి ఇంకో గండం. కాలమ్ ఎన్‌వార్‌చార్ (యూనికోడ్ అక్షరాలు పట్టే రకం) అయినా సరే, క్వెరీలో నేరుగా రాసే తెలుగు మాటకి ముందు ఎన్ అక్షరం పెట్టకపోతే మామూలుగా ప్రశ్నార్థకాలే మిగులుతాయి. ఒకసారి ప్రశ్నార్థకాలుగా చేరిన పేర్లు ఏ ఫాంట్ మార్చినా తిరిగి రావు.

అపోహ: రెప్లికా ఉంది, బ్యాకప్ ఎందుకు?

రెప్లికా అంటే అసలు సర్వర్‌ని అనుసరిస్తూ నడిచే నకలు. అసలు సర్వర్‌లో ఎవరైనా పొరపాటున టేబుల్ డ్రాప్ చేస్తే, రెప్లికా కూడా బుద్ధిగా అదే పని చేస్తుంది. 2017 జనవరి 31న, డెవలపర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు రెప్లికా అనుకుని అసలు సర్వర్‌లోని డేటానే చెరిపేశాడు. చూసుకుంటే, బ్యాకప్ కోసం పెట్టుకున్న పద్ధతుల్లో ఏదీ సరిగ్గా పనిచేయడం లేదు. అనుకోకుండా ఆరుగంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డేటా నకలు) దొరికి బతికిపోయారు. ఆ ఆరుగంటల డేటా పోయింది. కంపెనీయే ఇదంతా దాచకుండా బయటపెట్టింది.

అది చదివిన మర్నాడు మా బ్యాకప్ ఫోల్డర్ తెరిచాను. రోజుకొక ఫైల్, తేదీలతో సహా, చక్కగా వరసలో ఉన్నాయి. ఒక్కోటి 20 బైట్లు. ఏమీ లేనిదాన్ని జీజిప్ (ఫైల్‌ని కుదించే ప్రోగ్రామ్) చేస్తే వచ్చే సైజది. డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చినప్పటి నుంచి డంప్ (డేటాని బయటికి రాసే పని) ఫెయిలవుతోంది, దాని ఫలితాన్ని అందుకునే పైప్ చివర ఉన్న జీజిప్ మాత్రం తన పని తాను సక్సెస్‌ఫుల్‌గా ముగిస్తోంది. ‘బ్యాకప్ పూర్తయింది’ అన్న మెయిల్ రోజూ ఉదయం ఆరింటికి వస్తూనే ఉంది.