"పాలు తాగుతాది కదా మేడం!": తిండికి పేచీ పెట్టే పిల్లలు, కొన్ని అపోహలు

కర్నూలులో డైటీషియన్‌గా పనిచేస్తున్న నాకు తల్లులు మొదట చెప్పే మాట ఎప్పుడూ ఒకటే: "పాప ఏమీ తినదు మేడం, పెట్టింది పెట్టినట్టే ఊసేస్తాది." ఈ మాట ఎన్నిసార్లు విన్నా విసుగు రాదు. పళ్లెం ముందు బిడ్డ నోరు బిగించుకుని కూర్చుంటే తల్లికి ఎంత టెన్షనో నాకు తెలుసు. విసుగొచ్చేది దాని వెనకాలే వచ్చే మాటకు: "పాలు మాత్రం బాగా తాగుతాది, అదొక్కటే ధైర్యం."

ఆ ధైర్యమే కొంప ముంచుతోంది.

అపోహ: అన్నం తినకపోయినా ఫరవాలేదు, పాలు సంపూర్ణాహారం.

వాస్తవం: ఏడాది దాటిన బిడ్డకు కాదు. లీటరు పాలు తాగినా అందే ఇనుము ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించదు, అందులోనూ ఒంటబట్టేది కొంచెమే. మూడేళ్ల లోపు బిడ్డకు రోజుకు 8 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 లెక్క. పైగా లీటరు బర్రె పాలంటే దగ్గర దగ్గర వెయ్యి కేలరీలు. ఆ వయసులో రోజు మొత్తానికి కావలసిందీ సుమారు అంతే. ఇక కడుపులో అన్నానికి చోటెక్కడిది? తినలేదని మీరు బాధపడుతున్నారు గానీ, సీసాతోనే బిడ్డ కడుపు నిండిపోయింది.

ఆదోని వైపు నుంచి ఒక అత్తాకోడళ్లు రెండున్నరేళ్ల పాపను తీసుకొచ్చారు. బుగ్గలు నిండుగానే ఉన్నాయి, పెదాలు మాత్రం పాలిపోయాయి. రోజుకు నాలుగైదు సీసాల పాలు, రాత్రి నిద్రలో కూడా ఒకటి. మేం మాట్లాడుతుంటే పాప గుప్పిట్లోంచి ఏదో తీసి నోట్లో పెట్టుకుంది. వాళ్లన్న బలపం. కొస నాకి నాకి నున్నగా అయిపోయింది. "బలపాలంటే దీనికి పిచ్చి మేడం" అంది తల్లి మామూలుగా. డాక్టరు గారితో రక్త పరీక్ష రాయించాను. హిమోగ్లోబిన్ (ఇనుముతో తయారై రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం) 7.4. ఆ వయసులో 11 ఉండాలి.

బలపాలు, మట్టి, గోడ సున్నం తినే పిల్లలను చూస్తే నాకు ముందు రక్తహీనతే అనుమానం. రక్తం తగ్గితే ఆకలి చస్తుంది. ఆకలి లేదని ఇంట్లోవాళ్లు ఇంకో సీసా పడతారు. దాంతో రక్తం ఇంకా తగ్గుతుంది. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. కారణం పాలొక్కటే అని కాదు. నా దగ్గరికి వచ్చే "తినని పిల్లల్లో" మాత్రం ముందు అడగాల్సింది పాల సంగతే.

"పాలు మానిపిస్తే ఎముకలు ఏమైతాయమ్మా?" అని జేజి నిలదీసింది. మానిపించమనలేదు అవ్వా, తగ్గించమన్నాను. రోజుకు రెండు గ్లాసులు, 400 మిల్లీలీటర్లు, అదీ అన్నం తిన్నాక. సీసా మాత్రం పూర్తిగా బంద్. మిగతా కాల్షియానికి మన రాగులున్నాయి: 100 గ్రాముల్లో 360 మిల్లీగ్రాముల దాకా. ఇనుముకు మాత్రం రాగుల్ని నమ్ముకోకండి, వాట్సాప్‌లో రాసినంత ఏమీ ఉండదు. కోడి కార్జం మెత్తగా ఉడికించి సంగటి ముద్దలో కలపండి. మాంసం తినని ఇళ్లల్లో అలసందలు, ఉలవలు, పప్పులో ఆకుకూర, పైన నిమ్మకాయ పిండి పెట్టండి. డాక్టరు రాసిన ఐరన్ చుక్కలు పాలతో కలిపి వేయొద్దు. దొడ్డికి నల్లగా వస్తే భయపడి మందు ఆపొద్దు. హిమోగ్లోబిన్ పెరిగాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాల్సిందే.

సీసా తీసేసిన మొదటి రాత్రులు ఇల్లు పీకి పందిరేస్తారు. ఆ పాపా అంతే. జేజి కరిగిపోయి మళ్లీ సీసా పట్టబోతే కోడలే అడ్డం పడిందట. తర్వాత చెకప్‌కు వచ్చినప్పుడు పాప చేతిలో బొరుగుల పొట్లం ఉంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ఆకలి పెంచే టానిక్? వాటిలో చాలావరకు ఉండేది సైప్రోహెప్టాడిన్ అనే అలర్జీ మందు. మగత తెస్తుంది. మెడికల్ షాపులో అడిగి కొనే సరుకు కాదు.

పాలల్లో కలిపే డబ్బా పొడులు? 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులతో వీటిని "హెల్త్ డ్రింక్" వర్గంలోంచి తీసేయమంది, చట్టంలో అలాంటిదేదీ లేదని. ఉన్నదల్లా చాలావాటిలో చక్కెరే.

ఒకసారి ఊసిందంటే ఇష్టం లేనట్టేనా? కాదు. కొత్త రుచి అలవాటు కావడానికి పది పదిహేను సార్లు పట్టొచ్చు. పళ్లెం అంచున గోరంత పెట్టి ఊరుకోండి. ముక్కు మూసి కుక్కడం, ఫోన్ చూపిస్తూ మింగించడం, రెండూ వద్దు.

ఎండాకాలం గుడ్డు, శెనక్కాయలు వేడి చేస్తాయా? చేయవు. నాలుగైదేళ్ల లోపు పిల్లలకు శెనక్కాయలు గింజలుగా మాత్రం పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. చట్నీ, పొడి చేసి పెట్టండి.

బరువు పెరగకుండా ఆగిపోయినా, తగ్గినా, మింగుతుంటే పొలమారినా, నాలుగైదు వస్తువులు తప్ప ఇంకేదీ నోట పెట్టకపోయినా నా పోస్టు చదువుతూ కూర్చోకండి. అంగన్‌వాడీ గ్రోత్ కార్డు వెంట తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి.