మెమరీలోనే లెక్కలు: ఈసీసీ ఉందనే ధీమా, మరికొన్ని అపోహలు

చిప్పుల్లో మెమరీ భాగాన్ని పరీక్షించడం నా వృత్తి. ఆఫీసు బెంగళూరులో, ఇల్లు ఒంగోలులో. సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడి ఇంజినీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టుల గురించి మాట్లాడడానికి వస్తుంటారు. ఈ మధ్య వాళ్ల నోట ఎక్కువగా వినిపిస్తున్న మాట ‘ప్రాసెసింగ్ ఇన్ మెమరీ’, పొట్టిగా పిమ్. డేటాను ప్రాసెసర్ దాకా మోసుకెళ్లకుండా అది ఉన్నచోటే లెక్క తేల్చడం అన్నమాట. శామ్‌సంగ్ 2021లో హెచ్‌బీఎం (చిప్పులను ఒకదానిపై ఒకటి పేర్చిన వేగమైన మెమరీ) లోపల గణన యూనిట్లు పెట్టి చూపించింది. ఎస్‌కే హైనిక్స్ 2022లో గ్రాఫిక్స్ కార్డుల్లో వాడే జీడీడీఆర్6 మెమరీతో అదే దారి పట్టింది. ఫ్రాన్స్ సంస్థ అప్‌మెమ్ మామూలు మెమరీ మాడ్యూళ్ల రూపంలోనే తెచ్చింది. వేగం ఎంత, కరెంటు ఎంత ఆదా అన్నది అందరూ చెబుతారు. లెక్క తప్పితే ఎలా తెలుస్తుంది, తెలిశాక ఏం చేయాలి అని అడిగితే మాత్రం పాత మెమరీ కాలం నమ్మకాలే జవాబులుగా వస్తాయి.

అపోహ: ‘ఈసీసీ ఉంది కదా సార్, తప్పులు అదే దిద్దుకుంటుంది.’

ఈసీసీ అంటే డేటాతో పాటు కొన్ని అదనపు బిట్లు దాచి, వాటితో తప్పులను పట్టి దిద్దే కోడ్. గణిత శాస్త్రవేత్త రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన పద్ధతే నేటికీ దానికి పునాది. సర్వర్లలో దశాబ్దాలుగా నడిచిన ఏర్పాటులో 64 బిట్ల డేటాకు 8 తనిఖీ బిట్లు తోడుంటాయి. ఒక బిట్ తారుమారైతే దిద్దుతుంది, రెండైతే తప్పు జరిగిందని మాత్రం చెబుతుంది. ఈ తనిఖీ జరిగేది మెమరీకీ ప్రాసెసర్‌కూ మధ్య డేటా రాకపోకలు నడిపే మెమరీ కంట్రోలర్‌లో, డేటా మెమరీ నుంచి బయటికి వచ్చినప్పుడు. పిమ్ ఉద్దేశమే డేటాను బయటికి రానివ్వకపోవడం. అలాంటప్పుడు కంట్రోలర్ దేన్ని తనిఖీ చేయాలి?

పిమ్ అంతా ఒకే రకం కాదు. మెమరీ బ్యాంకు (చిప్పులోని ఒక విభాగం) పక్కన చిన్న గణన యూనిట్ పెట్టే రకంలో, బ్యాంకుకూ యూనిట్‌కూ మధ్య ఈసీసీని ఇరికించవచ్చు. చిప్పులో చోటు పోతుంది కానీ, నిల్వ ఉన్న డేటాకు రక్షణ దొరుకుతుంది. ఆ యూనిట్ చేసిన కూడికే తప్పితే దానికి ఈసీసీ బాధ్యత లేదు, అది వేరే సంగతి. అసలు చిక్కు రెండో రకంతో. ఇందులో ఒక్కో బిట్‌ను దాచే మెమరీ సెల్సే గణన చేస్తాయి. కంప్యూటర్ల ప్రధాన మెమరీ అయిన డీరామ్‌లో మూడు వరుసల సెల్స్‌ను ఒకేసారి తెరిస్తే, ప్రతి నిలువు తీగ మీదా మూడు సెల్స్‌లో ఎక్కువ వాటిలో ఏముందో అదే నిలుస్తుంది. మూడో వరుసలో ముందే సున్నాలు పెడితే మిగతా రెండింటి ‘యాండ్’ (రెండూ 1 అయితేనే 1) వస్తుంది, ఒకట్లు పెడితే ‘ఆర్’ (ఒక్కటైనా 1 అయితే 1) వస్తుంది.

ఇప్పుడు కాగితం మీద ఒక చిన్న లెక్క చూడండి. పారిటీ బిట్ అంటే అన్నిటికంటే సులువైన తనిఖీ బిట్: ఒకట్లు సరి సంఖ్యలో ఉంటే 0, బేసి అయితే 1. 1100లో ఒకట్లు రెండు, సరి సంఖ్య, కాబట్టి పారిటీ బిట్ 0. 1010 పారిటీ కూడా 0. రెండింటికీ ‘ఎక్సార్’ (బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0) చేస్తే 0110 వస్తుంది, పారిటీ బిట్లకు కూడా ఎక్సార్ చేస్తే 0. కొత్త సంఖ్యలో ఒకట్లు రెండే, సరిపోయింది. అదే ‘యాండ్’ చేస్తే 1000 వస్తుంది. ఇందులో ఒకటి ఒక్కటే, పారిటీ 1 ఉండాలి. కానీ పారిటీ బిట్ల యాండ్ 0. సెల్స్ ఏ తప్పూ చేయలేదు, అయినా తనిఖీ మాత్రం తప్పు జరిగిందని చెబుతుంది. ‘ఆర్’ చేసినా అంతే: 1110 వస్తుంది, పారిటీ 0గానే ఉండిపోతుంది. హామింగ్ తరహా కోడ్లన్నీ ఎక్సార్‌కు తట్టుకుంటాయి, యాండ్, ఆర్ దగ్గర చెదిరిపోతాయి. ప్రాజెక్టు నివేదికలో ‘ఈసీసీ ద్వారా రక్షణ’ అని ఒక్క ముక్క రాసి వదిలేసేవాళ్లు ముందు ఈ నాలుగు బిట్ల లెక్క చేసి చూడాలి.

మాత్రికల గుణకారానికి మంచి దారి ఉంది. హువాంగ్, అబ్రహాం అనే పరిశోధకులు 1984లో చెప్పినది. నెల్లూరు రైస్ మిల్లుల్లో గుమాస్తాలు ఖాతా పుస్తకంలో అడ్డం మొత్తాలు, నిలువు మొత్తాలు వేసి రెండూ కలిశాయా అని చూస్తారే, అదే పని. మొదటి మాత్రికకు నిలువు మొత్తాల వరుస ఒకటి, రెండో దానికి అడ్డం మొత్తాల నిలువు వరుస ఒకటి అదనంగా చేర్చి గుణిస్తే, జవాబులో కూడా ఆ మొత్తాలు సరిగ్గా కలవాలి. ఒక అడ్డు వరుస, ఒక నిలువు వరుస కలవకపోతే అవి ఖండించుకునే చోటే తప్పు. ఎంత తేడా ఉందో కూడా తెలుస్తుంది కాబట్టి అక్కడికక్కడే దిద్దవచ్చు. విలువలను విద్యుత్ నిరోధం రూపంలో దాచే నిరోధక మెమరీల్లో విద్యుత్ ప్రవాహాలే కూడిక చేస్తాయి, అక్కడ మొత్తాలు ఎప్పుడూ అచ్చంగా కలవవు, కొంత తేడాను ఒప్పుకోవాలి. ఆ హద్దును బిగిస్తే ఉత్తుత్తి హెచ్చరికలు, వదులు చేస్తే నిజమైన తప్పులు జారిపోవడం. ఈ హద్దు ఎక్కడ పెట్టాలన్నదే ఈ రంగంలో సగం పని అని నా అభిప్రాయం.

అపోహ: ‘డీడీఆర్5 కొంటే ఈసీసీ లోపలే వస్తుంది.’

కొత్త తరం డీరామ్ అయిన డీడీఆర్5 గురించి దుకాణాల్లో వినిపించే మాట ఇది. నిజమే, కానీ సగమే. డీడీఆర్5 చిప్పు లోపల 128 బిట్లకు 8 తనిఖీ బిట్లు ఉంటాయి. బలహీనమైన సెల్స్ చేసే ఒంటి బిట్ తప్పులను చిప్పు లోలోపలే దిద్దుకోవడానికి పెట్టినది అది. చిప్పు నుంచి ప్రాసెసర్ దాకా వెళ్లే తీగల మీద జరిగే తప్పు దానికి కనిపించదు.

అపోహ: ‘తప్పు దొరికితే మళ్లీ చేస్తే సరి.’

మళ్లీ చేయడానికి పాత విలువలు మిగిలి ఉండాలి కదా! మూడు వరుసలు తెరిచి చేసే గణనలో చివరికి మూడు వరుసల్లోనూ జవాబే ఉంటుంది, అసలు డేటా చెరిగిపోతుంది. అందుకే డేటాను ముందుగా గణన కోసం కేటాయించిన వరుసల్లోకి నకలు తీసి, ఆ నకళ్ల మీదే పని చేయాలి. ఒకే సబ్‌అరేలో (బ్యాంకులోని ఒక ముక్కలో) వరుస నుంచి వరుసకు నకలు చిప్పు లోపలే త్వరగా అయిపోతుంది, అయినా ఆ సమయం ఊరికే రాదు. వేగం గురించి గొప్పగా చెప్పే పట్టికల్లో ఈ నకళ్ల ఖర్చు కలిపారా లేదా అని నేను మొదట చూస్తాను.

పైగా తప్పు తాత్కాలికమా, శాశ్వతమా అన్నది తేలాలి. ఒక సెల్ ఎప్పుడూ సున్నా దగ్గరే బిగుసుకుపోయి ఉంటే, అదే చోట ఎన్నిసార్లు చేసినా అదే తప్పు జవాబు, అంతే నమ్మకంగా వస్తుంది. రెండోసారి వేరే వరుసల్లో చేయాలి, లేదా బిట్లను పక్కకు జరిపి చేయాలి. రెండు జవాబులు వేరుగా ఉండి, పాత చోట అదే తప్పు మళ్లీ వస్తుంటే ఆ వరుసను పక్కనపెట్టి, దాని బదులు అదనపు వరుసను వాడుకోవాలి. అదనపు వరుసలు కూడా అయిపోతే ఆ బ్యాంకు పని ప్రాసెసర్‌కు అప్పగించాలి. నెమ్మదిగానైనా జవాబు సరిగ్గా వస్తుంది.

అపోహ: ‘మూడుసార్లు చేసి, ఎక్కువ ఓట్లు వచ్చిన జవాబు తీసుకుంటే తిరుగుండదు.’

మూడు ప్రతుల పద్ధతికి ఒక గొప్ప గుణం ఉంది: యాండ్ అయినా, ఆర్ అయినా అది చెదరదు. ఖర్చు మాత్రం మూడింతలు. ఓటు లెక్కించే పనిని కూడా అదే మూడు వరుసల గణనతో చేయిస్తే, ఏ పనిని శంకించి ఓటింగ్ పెట్టామో ఆ పనికే తీర్పు అప్పగించినట్టవుతుంది. తయారీలోనే బలహీనంగా వచ్చిన సెల్స్ మూడుసార్లూ ఒకేలా తప్పుతాయి కాబట్టి, మూడు ప్రతులూ మూడు వేర్వేరు చోట్ల ఉండాలి.

అపోహ: ‘మామూలు మెమరీ పరీక్ష నెగ్గిన చిప్పు పిమ్‌కు కూడా పనికొస్తుంది.’

నాకు బాగా పరిచయమున్న చోటు ఇది. మామూలు పరీక్షలో ఒక్కో సెల్‌లో 0, 1 రాసి, వరుస క్రమంలో పైకీ కిందికీ చదువుతాం. అక్కడ ఒక సమయంలో ఒక వరుసే తెరుచుకుంటుంది. మూడు తెరిచినప్పుడు, సెల్స్‌లో చార్జిని దాచే మూడు కెపాసిటర్లు ఒకే తీగ మీద చార్జిని పంచుకుంటాయి. మూడూ 1 అయితే తేడా పెద్దది, తీగ మీది తేడాను చదివే సెన్స్ యాంప్లిఫయర్‌కు సులువు. రెండు 1, ఒకటి 0 అయితే ఒకటి ఇంకోదాన్ని వెనక్కి లాగుతుంది. అప్పుడు తీగ మీద కనిపించే తేడా, ఒక్క సెల్‌ను చదివేటప్పటి తేడా కంటే కూడా తక్కువ. మామూలు పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న సెల్ ఇక్కడ తడబడవచ్చు. కాబట్టి పరీక్షలో 1-1-0, 0-0-1 కలయికలను అన్ని స్థానాల్లోనూ ప్రయత్నించాలి, చిప్పు వేడెక్కినప్పుడు ఒకసారి, వోల్టేజి తగ్గించి ఒకసారి చూడాలి. మూడూ ఒకేలా ఉన్న కలయికలతో పరీక్షించి ‘తప్పులు లేవు’ అని తేల్చిన నివేదికకు విలువ లేదు.

అపోహ: ‘మన ఎండలకు బిట్లు తారుమారవుతాయి, చీమకుర్తి గ్రానైట్ నేల మీద సర్వర్ పెట్టకూడదు.’

నవ్వకండి, నన్ను నిజంగానే అడిగారు. వేడికి సెల్‌లోని చార్జి త్వరగా కారిపోతుంది, అది నిజం. అందుకే డీడీఆర్4 లాంటి మెమరీల్లో మామూలుగా 64 మిల్లీసెకన్లలో పూర్తయ్యే రిఫ్రెష్‌ను (చార్జిని మళ్లీ నింపడాన్ని) చిప్పు 85 డిగ్రీలు దాటితే 32 మిల్లీసెకన్లకు తగ్గిస్తారు. రోహిణి కార్తెలో బయట ఎంత కాసినా, చూడాల్సింది చిప్పు వేడినే. ఇక గ్రానైట్‌లోని రేడియోధార్మికత సంగతి. 1970ల చివర్లో ఇంటెల్ పరిశోధకులు డీరామ్ తప్పులకు ఆల్ఫా కణాలు కారణమని కనిపెట్టారు, కానీ అవి చిప్పు ప్యాకేజీ పదార్థం నుంచే వచ్చాయి. ఆల్ఫా కణం కాగితాన్ని కూడా దాటలేదు, నేల నుంచి ప్యాకేజీ దాటి లోపలికి రావడం జరగని పని. అంతరిక్ష కిరణాల వల్ల పుట్టే న్యూట్రాన్లు మాత్రం నిజమైన కారణమే. కానీ అవి ఎత్తు పెరిగే కొద్దీ పెరుగుతాయి, విమానాలు ఎగిరే ఎత్తులో వందల రెట్లు ఉంటాయి. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న మన ఒంగోలు, నెల్లూరు ఈ విషయంలో అదృష్టవంతులే. గూగుల్ సర్వర్ల మీద 2009లో వెలువడిన అధ్యయనంలో ఏడాదికి 8 శాతానికి పైగా మాడ్యూళ్లలో తప్పులు కనిపించాయి. వాటిలో ఉష్ణోగ్రత పాత్ర అనుకున్నంత లేదనీ, శాశ్వత లోపాలదే పెద్ద వాటా అయి ఉండవచ్చనీ ఆ పరిశోధకులు తేల్చారు.

అపోహ: ‘ఏఐకి చిన్న తప్పులు లెక్కలోకి రావు.’

ఏ బిట్ తప్పిందన్న దాన్ని బట్టి ఉంటుంది. రొయ్యల చెరువు ఫొటో చూసి జబ్బు గుర్తించే నమూనా ఉందనుకోండి. దానిలో 0.5 అనే ఒక భారం (వెయిట్) 32 బిట్ల దశాంశ రూపంలో ఉంది. చివరి బిట్ మారితే ఎవరికీ తెలియదు. సంఖ్య ఎంత పెద్దదో నిర్ణయించే ఘాతాంకంలోని మొదటి బిట్ మారితే అదే 0.5 ఒక్కసారిగా 39 అంకెల సంఖ్య అవుతుంది. పొరలు దాటే కొద్దీ ఆ ఒక్క సంఖ్య మిగతా అన్నిటినీ ముంచేస్తుంది. 8 బిట్ల పూర్ణాంకాల్లో నష్టానికి హద్దుంది: గుర్తు బిట్ మారితే 5 కాస్తా -123 అవుతుంది, అంతకు మించదు. మెమరీలోనే గణన చేసే నమూనాలకు నేను 8 బిట్లే సూచించడానికి ఇదొక కారణం. 32 బిట్లు తప్పనిసరైతే అన్ని బిట్లకూ సమాన రక్షణ పెట్టి డబ్బు పారబోయకండి. గుర్తు బిట్‌కు, ఘాతాంకం బిట్లకు మాత్రం మూడు ప్రతులు ఉంచండి. ప్రతి పొర చివర విలువలు శిక్షణలో కనిపించిన హద్దులు దాటాయా అని ఒక పోలిక పెట్టండి. దాటితే ఆ పొర ఒక్కటే మళ్లీ, వేరే వరుసల్లో చేయించండి.