పాకంలో నిమ్మచుక్క

చిరంజీవి బుజ్జికీ, నీ నేస్తాలందరికీ తాతయ్య ఆశీస్సులు.

పండక్కి నానమ్మ గులాబ్‌జాం పాకంలో నిమ్మకాయ పిండుతుంటే, "తీపిలో పులుపెందుకు తాతయ్యా?" అని అడిగావు కదా. ఆ హడావిడిలో చెప్పడం కుదరలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

పంచదారలో ప్రతి అణువూ కాడి కట్టిన జోడెడ్లనుకో. ఒక ఎద్దు గ్లూకోజ్, రెండోది ఫ్రక్టోజ్. మధ్యనున్న కాడి ఒక ఆక్సిజన్ పరమాణువు. ఈ రెంటినీ కట్టినప్పుడు ఒక నీటి అణువు బయటికి పోతుంది. కాడి దించాలంటే ఆ నీటిని మళ్ళీ ఇవ్వాలి. అందుకే 100 గ్రాముల పంచదార పూర్తిగా విడిపోతే 105 గ్రాములు దాటి తూగుతుంది!

ఉత్త వేడినీళ్ళకు ఈ కాడి తొందరగా ఊడదు. నిమ్మపులుపు తోడైతే ఊడుతుంది. జోడెడ్లన్నీ వరసగా సర్దుకుని నిలబడితే అదే పలుకు కట్టడం. మధ్యలో ఒంటెద్దులు తిరుగుతుంటే ఆ వరస కుదరదు. నానమ్మ పాకం చల్లారినా గడ్డకట్టలేదంటే అందుకే.

నా చిన్నప్పుడు గౌతమి పక్కన మా లంకలో చెరుకు గానుగ ఆడేవారు. వేడి బెల్లం కోసం పొయ్యి దగ్గరే కాచుక్కూర్చునేవాళ్ళం. నరికిన చెరుకు రోజుల తరబడి పడి ఉంటే బెల్లం వండే పెద్దాయన విసుక్కునేవాడు, అది సరిగ్గా గడ్డకట్టదని. రసం పులిసి కాడులు ముందే ఊడిపోయేవన్నమాట. పులుపు విరగడానికి సున్నపుతేట పోసేవాడు. బడి మొహం చూడని మనిషి, రసం రంగు చూసి ఎంత పొయ్యాలో చెప్పేవాడు. పని తెలిసినవాళ్ళ పక్కన నిలబడి చూడండర్రా, అడగడానికి మొహమాటపడకండి.

పాలలో ఉండేదీ జోడే, లాక్టోజ్. అందులో గ్లూకోజ్ పక్కన గెలాక్టోజ్ ఉంటుంది. మొలకెత్తిన రాగుల్లోని మాల్టోజ్‌లో రెండూ గ్లూకోజే. కాడి విప్పనిదే మన పేగులు వీటిని ఒంట్లోకి తీసుకోలేవు. పాల జోడిని విప్పే ఎంజైమ్ పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది, కొందరికి పాలు పడకపోవడం దానివల్లే. తేనెటీగ మాత్రం పూలతేనెలోని జోళ్ళను తనే విప్పేస్తుంది. అంత చిన్న ప్రాణికి ఈ విద్య ఎలా అబ్బిందో, తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే!

ఆదివారం అమ్మను దగ్గరుంచుకుని రెండు గిన్నెల్లో చిక్కటి పాకం కాయించండి. ఒకదాంట్లో మరిగేటప్పుడే నిమ్మరసం పిండండి. వారం పాటు కదపకుండా ఉంచి, ఏ గిన్నెలో పలుకులు కట్టాయో నాకు రాయండి. చీమలు పట్టకుండా గిన్నెలను నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టండి.

ఇట్లు,
తాతయ్య