అనంతపురం నేల శెనక్కాయకే పుట్టిందా? అపోహలు - వాస్తవాలు

జూన్ వస్తే చాలు, ఏ ఊరికి వెళ్లినా ఒకటే మాట. "తాత ముత్తాతల నుంచి ఇదే సార్. ఈ ఎర్ర నేలలో శెనక్కాయ తప్ప ఇంకేం రాదు." శెనక్కాయ అంటే వేరుశనగే. రైతులతో పంటల గురించి మాట్లాడటమే నా పని. ఈ ఒక్క నమ్మకంతో అప్పులపాలైన ఇళ్లు ఎన్నో చూశాను.

అపోహ: మనది మొదటి నుంచీ శెనక్కాయ సీమ.

వాస్తవం: కాదు. వేరుశనగ పుట్టిందే దక్షిణ అమెరికాలో. మన దగ్గర స్వాతంత్ర్యానికి ముందే కొంత వేసేవారు గానీ, చేలన్నీ అదే అయింది 1960ల తర్వాతే. అంతకుముందు కొర్ర, జొన్న, సజ్జ, ఆరిక. వాటి నడుమ కంది, అనుములు, అలసంద, ఆముదం సాళ్లు. ఒకటి ఎండితే ఇంకొకటి ఇంటికొచ్చేది.

రైతు తెలివితక్కువై మారలేదు. నూనె మిల్లులు కొన్నాయి, చేతిలో డబ్బు ఆడింది, కాయ కోశాక మిగిలే కట్టె (ఎండు మొక్క) పశువులకు మేతైంది. 1983లో రెండు రూపాయలకే కిలో బియ్యం వచ్చాక కొర్రన్నంతో అవసరమూ తగ్గింది.

దెబ్బ తగిలేది విత్తనం దగ్గర. కొర్రకు ఎకరాకు రెండు కిలోలు చాలు. శెనక్కాయకు యాభై, అరవై కిలోల పప్పు కావాలి. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు మనది. ఊడలు (పువ్వు నుంచి మట్టిలోకి దిగి కాయయ్యే కాడలు) దిగే వేళ మూడు వారాలు చినుకు లేకపోతే ఆ పెట్టుబడంతా మట్టిపాలే. 2000లో కాండం కుళ్లు వైరస్ రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతీసింది. ఊరంతా ఒకే పంట ఉంటే తెగులుకు అడ్డేముంది?

మిగతావి త్వరగా చెప్పేస్తాను. "సీమలో నీళ్లు నిలిపిన వాళ్లే లేరు" అంటారు. కడప వైపు ఉన్న పోరుమామిళ్ల చెరువు కట్టిన సంగతి చెప్పే 1369 నాటి శాసనం చూడండి: వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. "పాతకాలంలో కరువే లేదు" అన్నదీ తప్పే. 1876-78 ధాత కరువు ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేసింది.

ఇప్పుడేం చేయాలని టెన్షన్ పడేవాళ్లకు: శెనక్కాయ మొత్తం మానేయమనను. కంది సాళ్లు మాత్రం వదలొద్దు. జూలై దాటినా విత్తడానికి పదును (నేలలో తగినంత తడి) దొరక్కపోతే శెనక్కాయ విత్తనానికి అప్పు చేయకండి. ఉలవకు ఇంకా అదను ఉంటుంది.

ఓసారి కదిరి వైపు ఒక రైతు ఇదే "తాత ముత్తాతల" మాట అంటుంటే, పంచలో కూర్చున్న వాళ్ల అవ్వ అందుకుంది: "నేను కాపురానికొచ్చినప్పుడు ఈ చేనంతా కొర్రే కదరా. శెనక్కాయ మీ నాయన పెద్దోడైనాకనే వచ్చె." ఇంటి ముందు కొర్ర పోసుకున్న పాతర ఎక్కడుండేదో కూడా వేలుపెట్టి చూపించింది. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఏడు ఐదెకరాల్లో రెండెకరాలు కొర్ర వేశాడు. మిగతా మూడింటిలో శెనక్కాయే, మధ్యలో కంది సాళ్లతో.