ఎడారిలో స్పానిష్ జాడలు: దొరికిన వస్తువు కంటే దొరికిన చోటు ముఖ్యం

అరిజోనా, న్యూ మెక్సికో ఎడారుల్లో పురావస్తు సర్వేలు చేసే మా దగ్గరికి తుప్పు పట్టిన మేకునో, పచ్చబారిన రాగి ముక్కనో రుమాలులో చుట్టి తెచ్చి, "ఇది కొరొనాడో కాలం నాటిదేనా?" అని ఆశగా అడిగేవారు వస్తూనే ఉంటారు. కొరొనాడో అంటే పదహారో శతాబ్దంలో ఇటు వచ్చిన స్పానిష్ దండు నాయకుడు. ఎక్కడ దొరికిందని నేను అడిగితే "అటు కొండల వైపు" అన్నదే చాలాసార్లు వచ్చే జవాబు.

అపోహ: వస్తువును జాగ్రత్తగా తెచ్చి నిపుణులకు అప్పగిస్తే చరిత్రకు మేలు చేసినట్టే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. 1540లో ఫ్రాన్సిస్కో వాస్కెజ్ దె కొరొనాడో వెంట మెక్సికో నుంచి ఉత్తరానికి కదిలిన దండు 1542లో తిరుగుముఖం పట్టింది. దారిలో వేసిన విడుదుల్లో చాలావరకు కొద్ది రోజులవే కాబట్టి, అక్కడ మిగిలినవి మేకులు, సీసపు గుళ్లు, గొలుసు కవచపు రింగులు, క్రాస్‌బో (అడ్డంగా పట్టి వదిలే విల్లు) బాణాల రాగి ములుకులు వంటి చిన్నచిన్న వస్తువులే. ఇవి ఏ వరుసలో, ఎంత ఎడంగా, ఎంత లోతున పడి ఉన్నాయో చూస్తేనే అక్కడ విడిది చేశారో, పోరాడారో తెలుస్తుంది. అల్బుకెర్కీలోని పియెద్రాస్ మార్కాదాస్ ప్యూబ్లో అనే పాత ఆదివాసీ ఊరిలో పురావస్తు శాస్త్రవేత్త మాథ్యూ ష్మేడర్ బృందం పెద్ద తవ్వకాలేవీ లేకుండానే భూమిలోని మట్టిగోడలను, మట్టి విద్యుత్తును ఎంత అడ్డుకుంటుందో కొలిచే సర్వేతోనూ, వెయ్యికి పైగా లోహ వస్తువులను మెటల్ డిటెక్టర్లతోనూ గుర్తించి, రెండింటినీ ఒకే పటం మీదికి తెచ్చింది కనుకనే పోరు ఆ ఊరిలో ఎక్కడెక్కడ సాగిందో చెప్పగలిగింది. దక్షిణ అరిజోనాలో దొరికిన కంచు తుపాకీ గురించి 2024లో పరిశోధన వ్యాసం వెలువడింది. దాని మీద అలంకారాలేమీ లేకపోయినా, అది పడి ఉన్న కట్టడం ఆధారంగానే డెనీ సేమూర్ బృందం దానిని కొరొనాడో దండుకు ముడిపెట్టగలిగింది.

ఒకసారి వృద్ధ దంపతులు తమ రాంచ్‌లో దొరికినవని ఒక బిస్కెట్ డబ్బా తెచ్చారు. గుండీల మధ్యన, రాగి రేకును శంకువులా చుట్టిన ములికి ఒకటి కనిపించింది. అంచులు కలిసిన గీత స్పష్టంగా ఉంది, మొన ఒక పక్కకు వంగి ఉంది. 1598లో మరో స్పానిష్ దండు నాయకుడు ఓన్యాతే వచ్చేనాటికి క్రాస్‌బోలు పాతబడిపోయాయి కాబట్టి, ఇలాంటి ములికి మాకు ఎంతో విలువైన ఆనవాలు. దాన్ని తీసిన మామగారు ఎప్పుడో పోయారు, చోటు ఎవరికీ తెలియదు. అరిజోనాలో ఆ దండు నడిచిన దారి గురించి ఇంకా వాదనలు సాగుతూనే ఉన్నాయి. ఆ ములికి ఏ వాదననూ తేల్చలేదు. ఆ ఇంటావిడ కళ్లనీళ్లు పెట్టుకున్నప్పుడు, ఆ పెద్దాయనకు ఈ సంగతి చెప్పినవారే లేరని సముదాయించడం తప్ప నేనేమీ చేయలేకపోయాను.

అపోహ: స్పెయిన్‌వారు ఇక్కడ బంగారం పాతిపెట్టి వెళ్లారు.

వాస్తవం: వారికి బంగారమే దొరకలేదు. సంపన్న నగరాలుగా వారు కలలుగన్న సీబొలా, తీరా చూస్తే జూని అనే ఆదివాసుల గ్రామాలు. ఈ పుకారు నమ్మి రాత్రిపూట గోతులు తీసేవారిని చూస్తే నాకు ఓపిక నశిస్తుంది.

అపోహ: పాత గుర్రపు నాడా అయితే స్పానిష్‌దే, వచ్చినవారందరూ ఉక్కు కవచాలు తొడిగిన స్పెయిన్ సైనికులే.

వాస్తవం: మాకు చూపించే నాడాల్లో ఎక్కువ భాగం 19వ శతాబ్దం తర్వాతి రాంచ్‌లవి. దండులో వెయ్యి మందికి పైగా మెక్సికో ఆదివాసులు ఉన్నారు, స్పెయిన్‌వారిలోనూ చాలామంది తొడిగింది అక్కడి దూది కవచాలే. అందుకే మధ్య మెక్సికో నుంచి వచ్చిన అబ్సిడియన్ (అగ్నిపర్వతపు గాజురాయి) పలుకులు కూడా మాకు సాక్ష్యమే.

అపోహ: చెబితే ప్రభుత్వం భూమి లాక్కుంటుంది.

వాస్తవం: ఈ భయంతో నిద్రపోని రైతులను చూశాను, వారి ఆందోళన నాకు అర్థమవుతుంది. పురావస్తు స్థలం బయటపడినంత మాత్రాన సొంత భూమి పోదు. సమాధులకు వేరే చట్టాలున్నాయి గానీ, తక్కిన వస్తువులు భూ యజమానివే. కొరొనాడో విడిదిగా పేరొందిన టెక్సస్ బ్లాంకో కాన్యన్‌లోని స్థలం కూడా ప్రైవేటు భూమిలోనిదే. ఫెడరల్, ఆదివాసీ భూముల్లో మాత్రం అనుమతి లేకుండా పురావస్తువులు తీయడం 1979 చట్టం ప్రకారం నేరం. ఏదైనా కనబడితే కదపకుండా, పరిమాణం తెలిసేలా పక్కన తాళంచెవి ఉంచి ఫొటో తీసి, ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసి, ఆ భూమిని చూసే కార్యాలయానికి చెప్పండి. సొంత భూమిలో దొరికినది ఇప్పటికే ఇంట్లో ఉంటే తుప్పు గీకవద్దు, కడగవద్దు. ఎక్కడ దొరికిందో గుర్తున్నంతవరకు కాగితం మీద రాసి దానితోపాటే ఉంచండి.