మూడు రాళ్ళు, 22 అక్షరాలు

చిరంజీవులు బుజ్జికీ, నానికీ తాతయ్య ఆశీస్సులు.

ఉగాది నాడు వీడియో కాల్‌లో బుజ్జి ఒక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, నా ఫ్రెండ్ ఆదివారం హీబ్రూ బడికి వెళ్తుంది. వాళ్ళ అక్షరాల్లో అచ్చులే లేవట. కింద చుక్కలు పెట్టుకుంటారు. వాళ్ళ అన్నయ్య చదివేదాంట్లో ఆ చుక్కలు కూడా లేవు. మరి ఎలా చదువుతాడు?" అని. నేను నోరు తెరిచేలోపే మీ నాన్నకు ఆఫీసు కాల్ వచ్చింది, ఫోన్ ఆయన చేతికి వెళ్ళిపోయింది. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు మనబడిలో గుణింతాలు దిద్దుతున్నావు కాబట్టే ఈ ప్రశ్న నీకు తట్టింది. మనకు 'క' అంటేనే అందులో 'అ' ఉంటుంది. గుడి కట్టు, కొమ్ము పెట్టు, ఏది పెట్టినా అచ్చు కంటికి కనబడుతుంది. యూదుల భాష అయిన హీబ్రూలో ఉన్న 22 అక్షరాలూ హల్లులే. వాటిలో నాలుగు అప్పుడప్పుడు అచ్చు పనికి సాయం వస్తాయి, అంతే. రాయడం కుడి నుంచి ఎడమకు.

మా నాయనమ్మకు పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి ఉండేది. నాకు ఆరేళ్ళప్పుడు దాని పక్కన పీట వేసుకుని కూర్చోవడమే పని. రాళ్ళు మూడూ ఎప్పుడూ కదలవు. పైన గిన్నె మారుతుంది. పొద్దున్నే వేణ్ణీళ్ళ కాగు, తర్వాత అన్నానికి ఎసరు, సాయంత్రం చారు. హీబ్రూ మాట కూడా ఎక్కువగా ఇలాంటి పొయ్యే. మూడు హల్లులు మూడు రాళ్ళు. అచ్చులు పైన పెట్టే గిన్నెలు.

ల, మ, ద అనే మూడు రాళ్ళు తీసుకో. 'లమద్' అంటే నేర్చుకున్నాడు. 'లిమేద్' అంటే నేర్పాడు. 'తల్మీద్' అంటే విద్యార్థి. 'మెలమేద్' అంటే చిన్నపిల్లలకు చదువు చెప్పే పంతులు. వాళ్ళ పండితులు తరతరాలుగా చదువుతూ, వాదించుకుంటూ వచ్చిన పెద్ద గ్రంథం పేరు 'తల్ముద్'. అన్నీ ఒకే పొయ్యి మీద ఉడికినవి. నేర్చుకునేవాడికీ నేర్పేవాడికీ ఒకే పొయ్యి అన్నది నాకు ఎంత నచ్చిందో! మన తెలుగులోనూ అంతే కదా, నేర్చుకోవడం, నేర్పడం, నేర్పరి.

ఇంకో పొయ్యి క, త, వ. 'కతవ్' అంటే రాశాడు. 'మిఖ్తావ్' అంటే ఉత్తరం, ఇప్పుడు నీ చేతిలో ఉన్నదే. 'క్తోవెత్' అంటే చిరునామా. 'మిఖ్తావ్'లో క కాస్తా ఖ అయిందని నాని పట్టుకుంటాడు, నాకు తెలుసు. మంట తగిలి రాయి నల్లబడుతుంది. రాయి మాత్రం అదే.

ఇక చుక్కలు లేకుండా ఎలా చదువుతారంటే, పొద్దున్నే పొయ్యి మీద ఉన్నది వేణ్ణీళ్ళని తెలుసుకోడానికి నేను మూత తీసి చూడక్కర్లేదు. పొద్దు, వాసన, నాయనమ్మ చేతిలోని చెంబు చెప్పేస్తాయి. అలాగే ముందూ వెనకా ఉన్న మాటలు చెప్పేస్తాయి, ఇక్కడ 'నేర్చుకున్నాడు' అనాలా, 'నేర్పాడు' అనాలా అని. ఆ ఇంట్లో కొన్నాళ్ళు మెలిగిన వాళ్ళకే ఆ గుర్తు తెలుస్తుంది. కొత్తవాళ్ళ కోసం చుక్కలు. వాటిని 'నికుద్' అంటారు. ఇజ్రాయెల్‌లోని గలిలయ సరస్సు ఒడ్డున తిబెరియ అనే ఊళ్ళో, వెయ్యేళ్ళకు ముందే, పండితులు కూర్చుని ఈ చుక్కలనూ గీతలనూ స్థిరపరిచారు. సరైన ఉచ్చారణ మరుగున పడిపోకూడదని వాళ్ళ తపన. పాత అక్షరాల్లో ఒక్కటి కూడా కదపకుండా, కిందా పైనా ఉన్న ఖాళీలోనే ఆ పనంతా చేశారు. పిల్లల పుస్తకాల్లో, ప్రార్థన పుస్తకాల్లో చుక్కలుంటాయి. ఇజ్రాయెల్‌లో వచ్చే దినపత్రికల్లో ఉండవు. చేత్తో రాసిన తోరా, అంటే వాళ్ళ పవిత్ర గ్రంథపు చుట్టలో అసలే ఉండవు. అబ్బాయికి పదమూడేళ్ళు వచ్చాక అందరి ముందూ దాన్నే చదవాలి. వేలితో ముట్టుకోకూడదు, చివర చిన్న చెయ్యిలా చెక్కిన పుల్లతో వరుస వెంట చూపించుకుంటూ చదువుతారు. మీ ఫ్రెండ్ వాళ్ళ అన్నయ్య దానికే తయారవుతున్నాడేమో, అడుగు.

నా అక్షరాభ్యాసం మా ఇంటి వసారాలో జరిగింది. పళ్ళెంలో బియ్యం పోసి, పంతులుగారు నా వేలు పట్టుకుని దిద్దించారు. బియ్యపు గింజలు గోటి కింద గుచ్చుకున్నాయి, ఆ గుర్తు ఇప్పటికీ ఉంది. తర్వాత బెల్లం కలిపిన అటుకులు పంచారు. యూదుల పిల్లలకు కూడా ఇలాంటి ముచ్చటే ఉంది. మొదటిసారి అక్షరాలు చూపించేటప్పుడు పలక మీద రాసిన అక్షరాలకు తేనె రాసి, నాకమంటారు. మధ్యయుగాల నుంచీ ఉన్న ఆచారం ఇది. చదువు తియ్యన అని చెప్పకుండానే నాలుకకు చెప్పేస్తారు! పవిత్ర గ్రంథం చెయ్యి జారి కింద పడితే తీసి ముద్దు పెట్టుకుంటారు. మనం కళ్ళకద్దుకున్నట్టే.

మళ్ళీ పొయ్యి దగ్గరికి వద్దాం. మా పెరట్లో ఆ పొయ్యి పక్కనే దాలి ఉండేది. అందులో పిడకలు రాజేసి పాలదాక పెడితే, మంట కనబడకుండా సాయంత్రం దాకా పాలు ఎర్రగా కాగేవి. హీబ్రూ 1,500 ఏళ్ళకు పైగా దాలి మీద ఉన్న పాలదాక లాంటిది. దాన్ని ఇళ్ళలో ఎవరూ మాట్లాడలేదు. యూదులు ఏ దేశంలో ఉంటే అక్కడి మాటలు మాట్లాడారు. మన దేశంలో కొంకణ తీరంలోని వాళ్ళు మరాఠీ, కొచ్చిన్‌లోని వాళ్ళు మలయాళం. కానీ ప్రార్థనకూ చదువుకూ మాత్రం హీబ్రూని వదల్లేదు. నిప్పు ఆరనివ్వలేదు.

1881లో ఎలియేజర్ బెన్ యెహూదా అనే యువకుడు జెరూసలేం చేరాడు. నా ఇంట్లో హీబ్రూ తప్ప మరో మాట వినపడకూడదని పట్టు పట్టాడు. మరుసటి ఏడాది కొడుకు పుట్టాడు. పాపం ఆ పిల్లాడికి తోటి పిల్లలు లేరు, ఎందుకంటే ఆ భాషలో ఆడుకునే పిల్లలే ఎక్కడా లేరు. వాడికి చాలా ఆలస్యంగా మాటలు వచ్చాయి. అమ్మ ఒకరోజు రష్యన్ జోలపాట పాడితే నాన్న కోపంతో ఊగిపోయాడని చెబుతారు. అంత పట్టుదల పసివాడి మీద రుద్దడం నాకు కష్టంగానే అనిపిస్తుంది. అయినా ఆ ఇంట్లో నిప్పు రాజుకుంది. నిఘంటువు అనడానికి మాట లేకపోతే, 'మిలా' (మాట) నుంచి 'మిలోన్' అని ఆయనే కట్టాడు. సైకిల్‌కు రెండు చక్రాలని అర్థం వచ్చేలా 'ఒఫనాయిమ్' అని పేరొచ్చింది. 1886లో రిషోన్ లెజియోన్ అనే ఊళ్ళో హీబ్రూలోనే పాఠాలు చెప్పే బడి తెరిచారు. పిల్లలు బడిలో నేర్చుకున్న మాటల్ని ఇంటికి మోసుకెళ్ళి అమ్మలకు నేర్పారు. ల, మ, ద పొయ్యి మీద గిన్నె తిరగబడింది చూశావా, నేర్చుకున్నవాళ్ళే నేర్పారు. కాబట్టి బుజ్జీ, మనబడిలో నేర్చుకున్న మాట అక్కడే వదిలేసి రావద్దు. అన్నం తినేటప్పుడు నానితో అను. వాడు నవ్వినా ఫరవాలేదు.

ఈ పొయ్యి మనకూ దూరంది కాదు. గుంటూరు నుంచి పొన్నూరు వెళ్ళే దారిలో చేబ్రోలు వస్తుంది. దాని పక్కన కొత్తరెడ్డిపాలెంలో, తెలుగే మాట్లాడే కొన్ని కుటుంబాలు తాము పాతకాలపు ఇజ్రాయెలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెబుతాయి. 1990ల మొదట్లో అక్కడ సినగాగు, అంటే యూదుల ప్రార్థన మందిరం, కట్టుకున్నారు. శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. మన గుంటూరు యాసలో అలెఫ్, బేత్, గిమెల్ అని హీబ్రూ అక్షరాలు పలికే పిల్లలు! ఈసారి సెలవులకు మీరు వస్తే ఆ ఊరి మీదుగా వెళ్దాం.

మీ ఫ్రెండ్ ఏదో పాట బట్టీ పడుతోందని కూడా అన్నావు. అది పెసహ్ పండుగ కోసమై ఉంటుంది. ఈజిప్టులో బానిసత్వం నుంచి బయటపడిన రోజును తలుచుకునే పండుగ అది. పిండి పొంగే తీరిక కూడా లేక చేసుకున్న పల్చటి రొట్టె, బానిసత్వపు చేదు గుర్తుండడానికి ఒక చేదు ఆకు తింటారు. మన వేపపువ్వు నీకు గుర్తొస్తుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర అందరికంటే చిన్నపిల్ల లేచి, "మిగతా రాత్రులకూ ఈ రాత్రికీ ఏమిటి తేడా?" అని హీబ్రూలో అడగాలి. ఆ ప్రశ్న పడ్డాకే పెద్దవాళ్ళు కథ చెబుతారు. చాలా ఏళ్ళు ఆ రాత్రి మన చైత్ర పౌర్ణమే అవుతుంది. ఆ చంద్రుణ్ణి మీ కిటికీలోంచి ఒకసారి చూడండి.

రేపు బడిలో మీ ఫ్రెండ్‌ని ఆ పాట ఉన్న పేజీ చూపించమని అడుగు, బుజ్జీ. అక్షరాలన్నీ ఒకే ఎత్తులో కుదురుగా కూర్చుని ఉంటాయి. ఒక్క అక్షరం మాత్రం వరుస దాటి మెడ పైకి సాచి చూస్తుంటుంది. దాని పేరు లమెద్. ల, మ, ద పొయ్యిలో మొదటి రాయి అదే. పేజీలో ఎన్నున్నాయో లెక్కపెట్టి నాకు రాయి.

మీ తాతయ్య